వలయద్వీపాల చరిత్రకారుడు: డేవిడ్ స్టాడార్ట్ పరిశోధన జీవితం

క్రీస్తుశకం 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు గురై ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా తీసుకొనేవారనీ, ఇకమీదట నియమితమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ ఆ శాసనం సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. అందులోని సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలు, మిరియాలతోపాటు పగడాలు కూడ ఉన్నాయి. నవరత్నాలలో ఒకటిగా, మంగళద్రవ్యంగా తెలుగు ఇళ్లలో పగడానికి ఉన్న గౌరవం ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

అయితే హారాలలో గుచ్చే ఎర్రపగడం వేరు, సముద్రంలో దీవులు కట్టే పగడం వేరు. మొదటిది ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చిన వర్తకవస్తువు. రెండవది ఉష్ణమండల సముద్రాలలో, వెలుగు సోకే లోతులో, సమూహాలుగా జీవించే అతిసూక్ష్మమైన ప్రాణి. దీని శరీరకణాలలో ఏకకణ శైవలాలు కాపురముంటాయి. సూర్యకాంతితో అవి తయారుచేసే ఆహారంలో అధికభాగం పగడపు జీవికి అందుతుంది. ఆ బలంతో అది సముద్రజలం నుంచి సున్నాన్ని గ్రహించి తన చుట్టూ గట్టి గూడు కట్టుకొంటుంది. ఒక తరం గూళ్లపై మరొక తరం కట్టుకొంటూ పోగా, వేల ఏళ్లకు అదొక గోడ అవుతుంది. దానినే శాస్త్రజ్ఞులు ప్రవాళభిత్తి అంటారు. నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రు ఈ జీవికి గిట్టవు. గోదావరి, కృష్ణ నదులు సాగరసంగమం చేసే తెలుగుతీరంలో ప్రవాళభిత్తులు పెరగకపోవడానికి అదే ముఖ్యకారణం. మన దేశంలో అవి మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి.

ఈ గోడలను, వాటిపై నిలిచిన దీవులను సుమారు అర్ధశతాబ్దిపాటు కొలిచి, పటాలు గీసి, వాటి చరిత్ర రాసిన శాస్త్రవేత్త డేవిడ్ రాస్ స్టాడార్ట్. 1937 నవంబరు 15న ఇంగ్లండులోని స్టాక్‌టన్-ఆన్-టీస్‌లో జన్మించిన ఆయన 2014 నవంబరు 23న అమెరికాలోని బర్క్‌లీ నగరంలో మరణించారు. ఆయన పరిశోధన హిందూమహాసముద్రం నాలుగు మూలలను తాకింది. అందులో మన రామేశ్వరం కూడ ఉంది. ఆ జీవితంలో 1967వ సంవత్సరం శాస్త్రానికి, రాజ్యానికి, మనుషులకు మధ్య ఉండవలసిన సంబంధాన్ని గూర్చి ఒక కఠినమైన ప్రశ్నను మిగిల్చింది.

డార్విన్ బాటలో

వలయాకారంలో ఉండి మధ్యలో లోతులేని మడుగును కలిగిన పగడపు దీవిని అటాల్ అంటారు. ఈ మాట మాల్దీవుల భాషనుంచే ప్రపంచభాషలకు చేరింది. నడిసముద్రంలో ఇటువంటి వలయాలు ఎట్లా పుట్టాయన్న ప్రశ్నకు మొదట సమగ్రమైన సమాధానం చెప్పినవాడు చార్లెస్ డార్విన్. సముద్రంలోనుంచి లేచిన అగ్నిపర్వతం చుట్టూ పగడాలు తీరాన్ని అంటి పెరుగుతాయి. పర్వతం నెమ్మదిగా కుంగుతుంటే పగడాలు వెలుగుకోసం పైకి పెరుగుతూనే ఉంటాయి. పర్వతం పూర్తిగా మునిగిన తరువాత మిగిలేది వలయం మాత్రమే. 1842లో ఆయన గ్రంథరూపంలో ప్రకటించిన ఈ సిద్ధాంతం ఒక శతాబ్దికి పైగా వివాదంలో నలిగింది. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ అటాల్‌లో తవ్విన బోరు 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయిని దాటి అగ్నిశిలను తాకినప్పుడు డార్విన్ మాట నిలిచింది.

స్టాడార్ట్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర విద్యార్థి. ఆయన గురువు జె. ఎ. స్టీర్స్ 1928లో ఆస్ట్రేలియా మహాప్రవాళభిత్తికి వెళ్లిన బృందంలో భూగోళశాస్త్ర విభాగానికి చెందినవారు. శిష్యుడు గురువునుంచి క్షేత్రపరిశీలననూ, డార్విన్‌నుంచి ప్రశ్ననూ తీసుకొన్నారు. డార్విన్ 1835లో రాసి అచ్చువేయకుండా వదిలిన పగడపు దీవుల వ్యాసాన్ని 1962లో పీఠికతో వెలుగులోకి తెచ్చినవారు స్టాడార్టే. చరిత్రపై ఈ మక్కువ ఆయనలో చివరివరకు తగ్గలేదు. భూగోళశాస్త్ర చరిత్రపై ఆయన గ్రంథం 1986లో వెలువడింది.

తుఫాను నేర్పిన పాఠం

1959-60లో కేంబ్రిడ్జి బృందంతో ఆయన నాటి బ్రిటిష్ హోండూరాస్‌కు, అంటే నేటి బెలీజ్‌కు వెళ్లారు. ఆ తీరానికి దూరంగా ఉన్న మూడు అటాల్‌లను పరిశీలించి, వాటిపై నిలిచిన చిన్నచిన్న ఇసుకదీవుల పటాలను శ్రద్ధగా గీశారు. 1961 అక్టోబరు 30, 31 తేదీలలో హాటీ అనే పెనుతుఫాను ఆ తీరాన్ని ధ్వంసం చేసింది. బెలీజ్ నగరం ఎంత దెబ్బతిన్నదంటే ఆ దేశం తన రాజధానిని లోతట్టు ప్రాంతంలో కొత్తగా కట్టిన బెల్మోపాన్‌కు 1970లో మార్చుకోవలసి వచ్చింది.

తుఫానుకు ముందటి పటాలు చేతిలో ఉన్న శాస్త్రవేత్త తుఫాను తరువాత అదే చోటికి వెళ్లగలగడం అరుదైన సంగతి. స్టాడార్ట్ 1962లో తిరిగి వెళ్లి ప్రతి దీవినీ మళ్లీ కొలిచారు. కొన్ని దీవులు పూర్తిగా మాయమయ్యాయి. అయితే నష్టం అన్నిచోట్లా ఒకే రీతిగా లేదు. సహజమైన పొదలు, చెట్లు దట్టంగా ఉన్న దీవులపై అలలు విసిరిన పగడపు ముక్కలు, ఇసుక ఆ వేళ్లకు చిక్కుకొని నిలిచాయి. అటువంటి దీవులు కొన్ని ఇంకా ఎత్తు పెరిగాయి కూడ. అడవిని నరికి కొబ్బరి మాత్రమే నాటిన దీవులలో చెట్లు వేళ్లతో లేచిపోయి, నేల కోసుకుపోయింది. అలలను తట్టుకొనేది గట్టినేల ఒక్కటే కాదనీ, దానిని పట్టి ఉంచే మొక్కల అల్లిక అనీ ఆయన కొలతలు నిరూపించాయి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిన తరువాత తెలుగుతీరంలో మడ అడవుల విలువ గూర్చి జరిగిన చర్చ అందరూ ఎరిగినదే. అటువంటి పాఠాన్నే పదిహేనేళ్ల ముందు ఒక యువశాస్త్రవేత్త దిక్సూచితో, కొలతాడుతో మరొక సముద్రంలో నమోదు చేసి ఉంచారు. ఈ నివేదికలు అచ్చయిన అటాల్ రీసెర్చ్ బులెటిన్ 1951లో అమెరికాలో ఆరంభమైన పత్రిక. నిరాడంబరంగా అచ్చయి, శాస్త్రజ్ఞులకు ఉచితంగా పంచబడిన ఆ పత్రికే ఆయన జీవితకృషికి ప్రధానవేదిక అయింది.

రెండు దీవులు, ఒకే సంవత్సరం

1964లో స్టాడార్ట్ మాల్దీవుల దక్షిణకొసన ఉన్న అడ్డూ అటాల్‌ను పరిశోధించారు. అక్కడి గాన్ దీవిలో అప్పటికే బ్రిటిష్ వైమానిక స్థావరం ఉండేది. సూయజ్‌కు తూర్పున ఉన్న స్థావరాలు ఒకటొకటిగా చేజారుతున్న రోజులవి. జనం లేని, లేదా జనం తక్కువగా ఉన్న దీవులను వెతికి అక్కడ విమానక్షేత్రాలు కట్టాలన్న ఆలోచన లండన్, వాషింగ్టన్ కార్యాలయాలలో బలపడింది. 1965 నవంబరు 8న బ్రిటన్ తన వలసరాజ్యమైన మారిషస్ నుంచి చాగోస్ దీవులను, సీషెల్స్ నుంచి అల్డాబ్రా, ఫార్క్వార్, డెరోష్ దీవులను విడదీసి బ్రిటిష్ హిందూమహాసముద్ర ప్రాంతం అనే కొత్త వలసరాజ్యాన్ని సృష్టించింది.

అల్డాబ్రా సాధారణమైన అటాల్ కాదు. సముద్రమట్టం కంటే సుమారు 8 మీటర్లవరకు పైకి లేచిన సున్నపురాతి వలయం అది. దాని భూభాగం సుమారు 155 చదరపు కిలోమీటర్లు. మంచినీరు లేక, నేల పదునైన రాతిముళ్లతో నిండి ఉన్నందువల్ల మనుషులు అక్కడ పెద్దగా స్థిరపడలేదు. మారిషస్ మొదలైన దీవులలో నావికులు తిని తుడిచిపెట్టిన మహాకూర్మాలు హిందూమహాసముద్రంలో సహజంగా మిగిలింది అక్కడే. 1874లోనే డార్విన్ మొదలైన శాస్త్రజ్ఞులు వాటిని కాపాడవలసిందిగా మారిషస్ గవర్నరుకు విజ్ఞప్తి పంపారు. ఎగరలేని ఒక జాతి పక్షి కూడ ఆ దీవిలో మిగిలి ఉంది.

1966లో స్టాడార్ట్ మరొక శాస్త్రవేత్తతో కలిసి అల్డాబ్రాకు వెళ్లారు. విమానక్షేత్రం కట్టడం సాధ్యమా అని పరిశీలించడానికి వెళ్లిన ప్రభుత్వ బృందంతోనే ఆ ప్రయాణం సాగింది. తిరిగివచ్చిన తరువాత 1967లో నేచర్ పత్రికలో ఆ దీవి జీవావరణ విశేషాలను వారిద్దరూ ప్రకటించారు. విమానపథం, రేవు, రహదారి వస్తే వాటి వెంట ఎలుకలు, పిల్లులు, కలుపుమొక్కలు వస్తాయి. వేల ఏళ్లు ఒంటరిగా పెరిగిన ప్రాణులు వాటిని తట్టుకోలేవు. మడచెట్లపై గూళ్లు కట్టే వేలాది సముద్రపక్షులు విమానాలకే ప్రమాదం కనుక, చివరికి వాటిని చంపవలసి వస్తుంది. ఈ వాదాన్ని లండన్ రాయల్ సొసైటీ, అమెరికాలోని శాస్త్రసంస్థలు సమర్థించాయి. టామ్ డాలియెల్ అనే పార్లమెంటు సభ్యుడు ప్రశ్నలమీద ప్రశ్నలు వేసి ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టారు. 1967 ఆగస్టులో స్టాడార్ట్ నాయకత్వాన రాయల్ సొసైటీ బృందం అల్డాబ్రాలో దిగింది. ఆ నవంబరులో బ్రిటన్ పౌను విలువను తగ్గించవలసి వచ్చింది. ఖర్చుల కోతలో అల్డాబ్రా స్థావరం రద్దయింది. విజయంలో ఎంతపాలు శాస్త్రానిది, ఎంతపాలు ఖజానాది అన్న ప్రశ్న ఉంది. అయినా ఆ నెలలదాకా నిర్ణయాన్ని ఆలస్యం చేయించిన ఘనత శాస్త్రజ్ఞులకు దక్కుతుంది.

అల్డాబ్రాకు వెళ్లడానికి ఒక నెల ముందు, 1967 జులైలో, స్టాడార్ట్ మరొక దీవిని పరిశీలించారు. అది చాగోస్‌లోని డీగో గార్సియా. అక్కడ మహాకూర్మాలు లేవు. అరుదైన మొక్కలు కూడ తక్కువ. కొబ్బరితోటలకోసం అడవిని ఎన్నడో నరికివేశారు. కాని అక్కడ మనుషులు ఉన్నారు. 18వ శతాబ్ది చివరినుంచి ఆఫ్రికా, మడగాస్కర్ తీరాలనుంచి బానిసలుగా తేబడినవారి సంతతి, తరువాత దక్షిణభారతం నుంచి ఒప్పందకూలీలుగా వచ్చినవారి సంతతి కలిసి, తమదైన క్రియోల్ భాషతో, చర్చితో, శ్మశానంతో అక్కడ స్థిరపడ్డారు.

1966 నాటి బ్రిటిష్ దస్త్రాలలో ఉన్నతాధికారుల వ్యాఖ్యలు తరువాతికాలంలో న్యాయస్థానాల్లో బయటపడ్డాయి. ఆ దీవులలో సముద్రపక్షులు తప్ప స్థిరనివాసులెవరూ ఉండకూడదన్నది వాటి సారాంశం. అక్కడున్న కొద్దిమందిని గూర్చి పరిహాసంగా రాసిన మాటలు కూడ వాటిలో ఉన్నాయి. శాశ్వతజనాభా ఉన్నదని అంగీకరిస్తే వలసప్రజల హక్కుల గూర్చి ఐక్యరాజ్యసమితికి సమాధానం చెప్పవలసి వస్తుంది. అందుచేత వారంతా తాత్కాలిక కూలీలే అన్న కథనం కల్పించబడింది. 1968నుంచి 1973వరకు చాగోస్ ప్రజలందరూ తమ దీవులనుంచి తొలగించబడ్డారు. 1971లో డీగో గార్సియా పూర్తిగా ఖాళీ అయింది. మారిషస్, సీషెల్స్ రేవులలో దించబడిన ఆ కుటుంబాలు దుర్భరదారిద్ర్యంలో పడ్డాయి.

ఒకే శాస్త్రవేత్త, ఒకే ఏడు, నెల తేడాతో రెండు దీవులను కొలిచారు. ఒకదానికోసం ప్రపంచ శాస్త్రలోకం గొంతెత్తింది. రెండవదానికోసం ఆ స్థాయిలో ఏ గొంతూ లేవలేదు. అరుదైన ప్రాణులను బట్టి దీవుల విలువ కట్టే తూకంలో కొబ్బరితోటల కూలీలకు బరువు లేకపోయింది. ఇది ఒక్క వ్యక్తి లోపం కాదు. ఆనాటి శాస్త్రదృష్టిలో ప్రకృతి ఒకవైపు, మనిషి మరొకవైపు ఉండేవారు.

మండపం, రామేశ్వరం

1969 జనవరిలో భారత సముద్రజీవశాస్త్ర సంఘం తమిళనాడులోని మండపం క్యాంపులో పగడాలు, ప్రవాళభిత్తులపై ఒక అంతర్జాతీయ సదస్సు నిర్వహించింది. ఈ విషయంపై ప్రపంచంలో జరిగిన అంతర్జాతీయ సదస్సుల పరంపరకు అదే మొదటిదిగా నేటికీ లెక్కిస్తారు. రెండవది 1973లో ఆస్ట్రేలియా మహాప్రవాళభిత్తి వెంట ప్రయాణించే ఓడలో జరిగింది. సి. ముకుందన్, సి. ఎస్. గోపీనాథ పిళ్లై సంపాదకత్వాన 1972లో వెలువడిన మండపం సదస్సు సంపుటంలో క్షేత్రపరిశోధన పద్ధతులపై స్టాడార్ట్ వ్యాసం ఉంది.

గోపీనాథ పిళ్లై మండపంలోని కేంద్ర సముద్ర మత్స్యపరిశోధన సంస్థ శాస్త్రవేత్త. భారతదేశపు పగడాల జాతులను గుర్తించి, వర్గీకరించి, పట్టికలు కట్టడంలో ఆయన కృషి పునాది వంటిది. స్టాడార్ట్, పిళ్లై కలిసి రామేశ్వరం, రామనాథపురం తీరాలలో సముద్రమట్టానికి పైన కనిపించే పాత ప్రవాళశిలలను పరిశీలించి 1972లో ఒక పరిశోధనపత్రం ప్రకటించారు. పెరిగినచోటనే నిలిచి ఉన్న ఆ పగడాల వయస్సు సుమారు 4 వేల సంవత్సరాలని రేడియోకార్బన్ పరీక్ష చూపింది. పగడం నీటికి పైన బతకదు. కనుక ఆనాడు ఆ తీరంలో భూమితో పోల్చితే సముద్రం ఇప్పటికంటే ఎత్తున ఉండి ఉండాలి. యాత్రికులు నడిచే నేల ఒకనాటి సముద్రగర్భమన్న సంగతి ఆ శిలలు చెప్పిన సాక్ష్యం.

అదే కాలంలో మన్నారు సింధుశాఖ పగడాలను సున్నంకోసం, సిమెంటు పరిశ్రమకోసం పడవలకొద్దీ తవ్వి తీసుకుపోతుండేవారు. అలలకు అడ్డుగోడ పోయినచోట దీవులు కోతకు గురయ్యాయి. ఆ సింధుశాఖలోని 21 దీవులలో రెండు, పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి, నీటమునిగాయి. 1986లో సముద్ర జాతీయవనం ఏర్పాటయింది. 1989లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షితప్రాంతంగా ప్రకటించారు. 2001లో భిత్తులు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పిళ్లై వంటివారు కట్టిన జాతుల పట్టికలు లేకపోతే పోయినదేదో, మిగిలినదేదో చెప్పగల ఆధారమే ఉండేది కాదు.

కొలతల వారసత్వం

1973లో స్టాడార్ట్ ఆస్ట్రేలియా మహాప్రవాళభిత్తి ఉత్తరభాగానికి ఒక పెద్ద బృందాన్ని నడిపించారు. తన గురువు స్టీర్స్ మొదలైనవారు 1929లో, 1936లో పటాలు గీసిన దీవులను మళ్లీ కొలిచి, మార్పులను నమోదు చేయడం ఆ యాత్ర పనులలో ఒకటి. 1978లో యునెస్కో ప్రచురించిన ప్రవాళభిత్తి పరిశోధనపద్ధతుల గ్రంథానికి ఆయన సంపాదకులలో ఒకరు. 1980లో అంతర్జాతీయ ప్రవాళభిత్తి అధ్యయన సంఘం స్థాపించబడినప్పుడు ఆయనే తొలి అధ్యక్షులు. ఆ సంఘం 1988లో ఆయనకు డార్విన్ పతకాన్ని అందజేసింది. అదే ఏట ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణానికి ఆచార్యులుగా వెళ్లారు.

అల్డాబ్రాలో 1971లో రాయల్ సొసైటీ పరిశోధనకేంద్రం ఆరంభమైంది. 1976లో స్వతంత్రమైన సీషెల్స్‌కు ఆ దీవి తిరిగి దక్కింది. 1982లో అది యునెస్కో ప్రపంచవారసత్వ స్థలమయింది. సుమారు లక్ష మహాకూర్మాలు అక్కడ జీవిస్తున్నాయి. అయితే విమానపథాన్ని ఆపిన వాదం సముద్రం వేడెక్కడాన్ని ఆపలేదు. 1998లో నీటి ఉష్ణోగ్రత పెరిగి, కణాలలోని శైవలాలు తొలగిపోగా, సీషెల్స్, చాగోస్, మాల్దీవులు, లక్షద్వీపాలలో లోతులేని నీటిలోని పగడాలు విస్తారంగా తెల్లబారి మరణించాయి. 2016లో మరొకసారి అదే విపత్తు వచ్చింది.

డీగో గార్సియా కథ న్యాయస్థానాలకు ఎక్కింది. 2010లో బ్రిటన్ చాగోస్ చుట్టూ ఉన్న సముద్రాన్ని రక్షితప్రాంతంగా ప్రకటించినప్పుడు, ప్రకృతిరక్షణ పేరుతో తమ పునరాగమనాన్ని అడ్డుకొంటున్నారని నిర్వాసితులు ఆందోళన చెందారు. ఆ ప్రకటన సముద్రచట్టానికి అనుగుణంగా లేదని 2015లో ఒక అంతర్జాతీయ న్యాయమండలి తీర్పు చెప్పింది. మారిషస్‌నుంచి చాగోస్‌ను విడదీయడం చట్టసమ్మతం కాదని 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయపడింది. దీవులపై మారిషస్ సార్వభౌమత్వాన్ని గుర్తించే ఒప్పందంపై 2025 మే 22న బ్రిటన్, మారిషస్ సంతకాలు చేశాయి. డీగో గార్సియా స్థావరం కొనసాగడానికి ఆ ఒప్పందమే వీలు కల్పించింది.

ఈ సుదీర్ఘమైన వివాదంలో పునాదిప్రశ్న ఒక్కటే: ఆ దీవులలో స్థిరనివాసులు ఉండేవారా, లేరా? 1966 నాటి దస్త్రాలు లేరన్నాయి. 1971లో, డీగో గార్సియా ఖాళీ అయిన సంవత్సరంలోనే, ఆ దీవి భౌగోళిక, జీవావరణ విశేషాలతో అటాల్ రీసెర్చ్ బులెటిన్ 149వ సంచిక వెలువడింది. పక్షులు, మొక్కలు, పీతలు, పగడాల జాబితాల తరువాత అందులో ఆ దీవి జనావాస చరిత్రపై ఒక అధ్యాయం ఉంది. దానిని రాసినవారు స్టాడార్ట్. దస్త్రం లేదన్న జనాన్ని కొలతలపుస్తకం నమోదు చేసి ఉంచింది.